ఎంపిక ఎక్కడ ఆగుతుంది

వడ్లతో యాగం చేయాలని వేదంలో ఒకచోట ఉంది, యవలతో చేయాలని మరోచోట ఉంది. యాగం మాత్రం ఒకటే. రెండూ విధివాక్యాలే కాబట్టి ఏ ఒక్కదాన్నీ కాదనడానికి వీల్లేదు. మీమాంసకులు ఈ చిక్కు దగ్గర చాలాసేపు ఆగి, చివరికి వికల్పానికి ఒప్పుకున్నారు. వడ్లయినా సరే, యవలయినా సరే అన్నారు. ఆ ఒప్పుకోవడం కూడా మనస్ఫూర్తిగా కాదు. వికల్పంలో ఎనిమిది దోషాలున్నాయని లెక్కగట్టి మరీ ఒప్పుకున్నారు. ఇవాళ వడ్లు తీసుకుంటే, యవల మాట చెప్పిన వాక్యాన్ని ప్రమాణం కాదని పక్కన పెట్టినట్టే. రేపు యవలు తీసుకుంటే, నిన్న పక్కన పెట్టిన వాక్యాన్ని మళ్లీ నెత్తిన పెట్టుకోవాలి, నిన్న నెత్తిన పెట్టుకున్నదాన్ని దించాలి. ఇలా ఒక్కో వైపు నాలుగు చొప్పున ఎనిమిది. అందుకే ఇంకో దారి దొరికినంతవరకూ వికల్పం జోలికి పోవద్దని వాళ్ల తీర్పు.

ఈ సంగతి నాకు మా మేనమామ చెప్పారు. ఆయన గుంటూరు వైపు ఒక ఓరియంటల్ కాలేజీలో సంస్కృతం చెప్పేవారు. వేసవి సెలవుల్లో పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి అన్నంభట్టు తర్కసంగ్రహం చదివించేవారు. అది మన ఆంధ్రుడు పిల్లలకు తేలిగ్గా తెలియాలని రాసిన పుస్తకమని, మీకు తెలియకపోతే లోపం నా చెప్పడంలోనే ఉందని అనేవారు. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లలో సంస్కృతం వైపు వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. నేను కంప్యూటర్ సైన్స్‌లోకి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఎం.టెక్. విద్యార్థులకు కంప్లెక్సిటీ థియరీ, నేచురల్ లాంగ్వేజ్ ప్రాసెసింగ్ చెబుతున్నాను. రెండూ ఎలక్టివ్‌లే. ఎవరూ చదివి తీరాలని నియమం లేని సబ్జెక్టులు.

ఎం.టెక్. అంటే నాలుగు సెమిస్టర్లు. మొదటి రెండింటిలో కోర్ సబ్జెక్టులు, వాటి పక్కన ఎలక్టివ్‌లు ఉంటాయి. రెండో ఏడాది దాదాపు అంతా ప్రాజెక్టుకే. ఇంటర్‌లో ఎంపీసీ, తరవాత కౌన్సెలింగ్‌లో ర్యాంకుకు దొరికిన బ్రాంచి, దొరికిన కాలేజీ, ఇలా నడిచి వచ్చిన పిల్లలకు మొదటిసారి ఒక జాబితా చేతికిచ్చి నీ ఇష్టం అంటాం. మెషీన్ లెర్నింగ్, క్రిప్టోగ్రఫీ, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, కంప్యూటర్ విజన్, ఆ కింద ఎక్కడో నా కంప్లెక్సిటీ థియరీ. ఏ కోర్సు, ఏ గైడ్, ఏ ప్రశ్న, అన్నీ వాళ్లే ఎంచుకోవాలి. ఆ వారం రోజులు వాళ్ల ముఖాల్లో నాకు కనబడేది స్వేచ్ఛ కాదు, మీమాంసకుల ఇబ్బందే. ఒకటి తీసుకుంటే రెండోది అబద్ధమైపోతుందేమోనన్న భయం. చదువులో మనిషి ఇష్టానికి ఎంతవరకు చోటుంది, అది ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న నన్ను పట్టుకున్నది ఆ ముఖాలు చూశాకే.

పోయినసారి నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నా గది గుమ్మంలో నిలబడి, "మేడమ్, ప్లేస్‌మెంట్స్‌కి ఏది పనికొస్తుంది?" అని అడిగాడు. వాళ్ల నాన్న కౌలుకు పత్తి వేస్తాడు. బి.టెక్. చదువుకు తీసుకున్న బ్యాంకు అప్పు ఇంకా అలాగే ఉంది. గేట్ రాసి వచ్చినవాళ్లకు నెలకు వచ్చే 12,400 రూపాయల స్టైపెండ్‌లోంచే ఇంటికి కొంత పంపుతాడు. ఈ ప్రశ్న వింటే మా సహోద్యోగుల్లో కొందరికి కోపం వస్తుంది. విద్యను అంగడి సరుకు చేస్తున్నారంటారు. నాకు కోపం రాదు. శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పి తీరాలని మన పెద్దల నియమం. ఎవరి కోసం రాశాను, దేని గురించి రాశాను, ఈ గ్రంథానికీ ఆ విషయానికీ సంబంధం ఏమిటి, చదివితే ప్రయోజనం ఏమిటి. ఈ నాలుగూ తేల్చకుండా మోక్షశాస్త్రం కూడా మొదలుకాదు. బ్రహ్మజ్ఞానానికే ప్రయోజనం చెప్పమని అడిగే హక్కు ఉన్నప్పుడు, మెషీన్ లెర్నింగ్‌కు అడిగితే తప్పేముంది?

ఇలాంటి చోట కఠోపనిషత్తు తీసి శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని చెప్పడం మనకు బాగా అలవాటు. యముడు బంగారం, ఏనుగులు, గుర్రాలు ఇస్తానన్నా నచికేతుడు వద్దన్నాడు కదా, నువ్వు జీతం కోసం వెంపర్లాడతావేం అని పిల్లవాణ్ణి సిగ్గుపడేలా చేస్తాం. ఆ కథను మొదటినుంచి చదవాలని నా మనవి. నచికేతుడు మూడు వరాలు కోరాడు. మృత్యువు గురించి అడిగింది మూడో వరంలో. మొట్టమొదట కోరింది తండ్రి గురించి. తన మీద ఆయనకున్న కోపం చల్లారాలని, మనసు కుదుటపడాలని, తాను తిరిగి వెళ్లినప్పుడు ఆయన తనను గుర్తుపట్టి పలకరించాలని. ఇంట్లో తండ్రి మనసు నెమ్మదించాకే మిగతావి. యముడు ఆ వరాన్ని చిన్నచూపు చూడలేదు, అడిగిన వెంటనే ఇచ్చాడు. అప్పు తీర్చే చదువు కావాలన్న అబ్బాయి మొదటి వరం దగ్గర ఉన్నాడు. మెషీన్ లెర్నింగ్ తీసుకోమని అతనికి నేనే చెప్పాను. రెండో ఎలక్టివ్ మాత్రం, రాత్రి పూట ఏ పుస్తకం మూయబుద్ధి కాదో ఆ విషయంలో తీసుకోమన్నాను.

ఇక ఆ నాలుగింటిలో మొదటిదైన అధికారి సంగతి. ఎవరు ఏ చదువుకు అర్హులన్నది. మా కోర్సు పత్రంలో దీన్ని ప్రీరిక్విజిట్ అంటాం. కంప్లెక్సిటీ థియరీ తీసుకోవాలంటే ఆల్గరిథమ్స్, ఆటోమాటా ముందు చదివి ఉండాలి. బ్రహ్మసూత్రాల్లో మొదటి సూత్రం మొదటి పదం మీద భాష్యకారుల మధ్య నడిచిన వాదం అచ్చంగా ఇదే. ఈ జిజ్ఞాస దేని తరవాత మొదలుకావాలి? కర్మమీమాంస చదివాకే అన్నారు రామానుజులు. ఆయన దృష్టిలో రెండూ ఒకే శాస్త్రంలో ముందుభాగం, వెనకభాగం. శంకరులు ఒప్పుకోలేదు. నిత్యమేదో అనిత్యమేదో తేల్చుకునే వివేకం, భోగాల మీద విరక్తి, శమదమాదులు, విడుదల కావాలన్న తపన ఉంటే కర్మమీమాంస చదవకపోయినా జిజ్ఞాసకు అర్హత ఉందన్నారు. ఒకరు పాఠాల వరస అడిగారు, ఇంకొకరు మనసు సిద్ధంగా ఉందా అని అడిగారు. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి నుంచి వచ్చి, ఆటోమాటా మొహం చూడకుండానే నా కోర్సుకు వస్తానన్న పిల్లల విషయంలో నేను శంకరుల వైపు. వాళ్లు కొన్నాళ్లు ఇబ్బంది పడతారు. తపన ఉన్నవాళ్లు దాన్ని దాటేస్తారు.

కాని అధికారి అన్న మాటను ఊరికే మా క్లాసులోకి తెచ్చుకోలేను. పుట్టుకను బట్టి వేదవిద్యకు అర్హత లేదనే అధికరణం ఆ బ్రహ్మసూత్రాల్లోనే ఉంది. భాష్యకారులు దాన్ని సమర్థించారు, శంకరులు కూడా. నా ముందు బెంచీల మీద కూర్చునేవాళ్లలో సగానికి పైగా ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్లు, సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్లు. వాళ్ల తాతలను గుమ్మం బయట నిలబెట్టిన మాట అది. ఆ సంగతి మింగేసి శంకరులను మెచ్చుకోవడం నాకు చేతకాదు.

ఆ అధికరణం ఛాందోగ్యంలోని సత్యకాముడి కథను తన పక్షానికి సాక్ష్యంగా తెచ్చుకుంటుంది. సత్యకాముడు గౌతముడి దగ్గరికి చదువుకోసం వెళ్తాడు. నీ గోత్రం ఏమిటని ఆయన అడుగుతాడు. నాకు తెలియదు, మా అమ్మను అడిగాను, యవ్వనంలో చాలాచోట్ల పరిచర్య చేస్తూ నిన్ను కన్నాను, గోత్రం తెలియదు అంది, నేను జబాల కొడుకు సత్యకాముణ్ణి అని చెబుతాడు. గౌతముడు సమిధలు తెమ్మంటాడు. ఇంత నిజం చెప్పాడు కాబట్టి పుట్టుక తేలిపోయిందని సూత్రకారుడి వాదన. నేను ఆ కథను అలా చదవలేను. గౌతముడికి ఆ పిల్లవాడి పుట్టుక గురించి ఆ నిమిషంలో కొత్తగా ఏమీ తెలియలేదు. తెలిసింది ఒకటే. ఏ జవాబు చెబితే తనకు చదువు దక్కకుండా పోవచ్చో, ఆ జవాబును మార్చకుండా చెప్పాడు. ఏదో ఒక గోత్రం పేరు చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. చదువుకు ఇంతకు మించిన ప్రీరిక్విజిట్ ఏ పత్రంలోనూ లేదని నేను నమ్ముతాను.

మళ్లీ ప్రయోజనం దగ్గరికి వస్తాను. ఎలక్టివ్ గురించి మాట వస్తే మాలాంటి పంతుళ్లందరం క్లాడ్ షానన్ పేరు ఎత్తుతాం. ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, గణితం చదివి 1936లో డిగ్రీ పుచ్చుకున్నాడు. అక్కడ ఉండగా ఫిలాసఫీ విభాగంలో తర్కం మీద ఒక కోర్సు చదివాడు. జార్జ్ బూల్ బీజగణితం ఆయనకు పరిచయమైంది అక్కడే. తరవాత ఎంఐటీలో వానెవర్ బుష్ కట్టిన పెద్ద గణనయంత్రం దగ్గర పనికి చేరాడు. దాన్ని నడిపే రిలే స్విచ్చుల అల్లిక చూశాక ఆ తర్కం గుర్తొచ్చింది. స్విచ్ తెరుచుకోవడం, మూసుకోవడం అన్నవాటిని బూల్ చెప్పిన రెండు విలువలుగా రాస్తే సర్క్యూట్‌ను లెక్కగా సాధించవచ్చని 1937లో మాస్టర్స్ థీసిస్ రాశాడు. అప్పటికి ఆయన వయసు 21. ఇవాళ మనం వాడే ప్రతి చిప్ తయారీ వెనకా ఆ లెక్క ఉంది. మాస్టర్స్ ప్రాజెక్టు అన్న మాటకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది దాని వెనక ఉన్న మనిషి. బూల్ 1854లో ఆలోచన నియమాల మీద పుస్తకం రాసినప్పుడు యంత్రాలు ఆయన మనసులో లేవు. మనిషి బుద్ధి ఏ నియమాలతో నడుస్తుందో రాయాలనుకున్నాడు. ఆ పుస్తకంలో ఒక అధ్యాయమంతా దేవుడి ఉనికి గురించి శామ్యూల్ క్లార్క్, స్పినోజా చేసిన వాదాలను తన బీజగణితంలో పెట్టి పరీక్షించడానికే కేటాయించాడు. ఆయన భార్య మేరీ ఎవరెస్ట్, మన దేశపు సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్‌కు తమ్ముడి కూతురు. ఆ ఎవరెస్ట్ 1818లో, అప్పట్లో సర్వే నడుపుతున్న లాంబ్టన్ కింద పనిచేయడానికి వచ్చింది హైదరాబాద్‌కే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరం పాలయ్యాడు. తన పెదనాన్న భారతదేశంలో నేర్చుకున్న ఆలోచన ధోరణి బూల్ మీదా, మదురైలో పుట్టిన గణితజ్ఞుడు డి మోర్గాన్ మీదా పనిచేసిందని మేరీ 1901లో ఒక ఉత్తరంలో రాసింది. అది ఆమె నమ్మకం. దాని మీద నేను ఏ గోడా కట్టను. దేవుడి గురించి జరిగిన తర్కం స్విచ్చుల దాకా వచ్చిందన్నది మాత్రం పుస్తకాల్లో ఉన్న నిజం.

అయితే ఈ ఉదాహరణతో పిల్లలకు ధైర్యం చెప్పడం నాకు సబబుగా తోచదు. ఇవాళ పనికిరాదనుకున్నది రేపు పనికొస్తుంది కాబట్టి చదువు అంటే, మళ్లీ పనికిరావడాన్నే దేవుణ్ణి చేసినట్టు. ఆ మిషిగన్ క్లాసులో షానన్ పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లకు ఆ తర్కం ఏ సర్క్యూట్‌లోనూ ఉపయోగపడి ఉండకపోవచ్చు. మరి వాళ్లు చదివింది వృథాయేనా? వేదాంతులు ఇక్కడ ఒక తేడా చూపించారు. కర్మకు ఫలం తరవాతెప్పుడో వస్తుంది. జ్ఞానానికి ఫలం అజ్ఞానం పోవడమే, అది తెలిసిన క్షణంలోనే జరిగిపోతుంది, దానికి వేరే కాలం అక్కర్లేదు. ఆగకుండా నడిచే ప్రోగ్రామ్ ఏదో, ఆగే ప్రోగ్రామ్ ఏదో అన్ని సందర్భాల్లోనూ తేల్చి చెప్పగలిగే ప్రోగ్రామ్ ఉండదని ట్యూరింగ్ 1936లో చూపించిన రుజువు చెప్పే రోజున, క్లాసులో ఒకరిద్దరి కళ్లలో ఆ ఫలం అప్పటికప్పుడే కనబడుతుంది. దానికి ప్లేస్‌మెంట్ ఆఫీసు రసీదు అవసరం లేదు.

ఇప్పుడు అసలు మాట. బ్రహ్మసూత్రాల రెండో సూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు ఎంపిక గురించి ఒక గీత గీశారు. చేసే పని మనిషి చేతిలో ఉంది. చేయవచ్చు, మానవచ్చు, ఇంకోలా చేయవచ్చు. అతిరాత్ర యాగంలో షోడశి పాత్ర తీసుకోనూవచ్చు, తీసుకోకపోవచ్చు. హోమం సూర్యుడు ఉదయించాక చేయవచ్చు, ఉదయించకముందు చేయవచ్చు. తెలుసుకోవడం అలాంటిది కాదు. ఎదురుగా ఉన్నది స్తంభమైతే, అది స్తంభమో మనిషో మరొకటో అనుకోవడం జ్ఞానం కాదు, స్తంభమని తెలియడమే జ్ఞానం. దాంట్లో వికల్పానికి చోటు లేదు. పని పురుషతంత్రం, జ్ఞానం వస్తుతంత్రం. పని మనిషిని బట్టి నడుస్తుంది, జ్ఞానం ఉన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇది నాకు పుస్తకంలో మాటగానే ఉండేది, ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గర థీసిస్ చేసేదాకా. ఆమె ఎంచుకున్నది తెలుగు సంధులు విడదీయడం. అందరూ ఇంగ్లీషు డేటాసెట్‌లు తీసుకుంటుంటే, మనకు పదాలు అతుక్కుని వస్తాయి కాబట్టి అక్కడే యంత్రాలు తడబడతాయని, దాన్నే పట్టుకుంటానంది. కష్టమైన విషయం. 'వాడెక్కడ'లో పోయింది ఉకారం, 'ఏమంటావు'లో పోయింది ఇకారం, 'మేనల్లుడు'లో పోయింది అకారం. పోయిన అచ్చు కంటికి కనబడదు. 'మేనల్లుడు' చూసిన యంత్రం 'మేను, అల్లుడు' అని విడదీస్తే తప్పని ఎలా చెబుతాం? మేను అన్న మాట నిఘంటువులో ఉంది, ఉత్వసంధి కూడా కుదురుతుంది. అది తప్పని తెలియడానికి తెలుగింట్లో పెరగాలి, లేదా పెరిగినవాళ్లు రాసినది చాలా చదవాలి. ఆ చదవడాన్ని న్యూరల్ నెట్‌వర్క్ చేత చేయించాలని ఆమె ఆలోచన.

మూడో సెమిస్టర్ చివర రివ్యూలో ఆమె పట్టిక చూసి కమిటీ అంతా సంతోషించింది. నెట్‌వర్క్, వ్యాకరణ సూత్రాలూ నిఘంటువూ కలిపి రాసిన పాత ప్రోగ్రామ్‌ను చాలా దూరం దాటేసింది. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక ఆమె తనంతట తనే డేటాను మళ్లీ తిరగేసింది. శిక్షణకు వాడిన పదాల్లో 'వాడెక్కడ' ఉంది, పరీక్షకు పెట్టిన పదాల్లో 'వాడెక్కడికి' ఉంది. ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. నెట్‌వర్క్ సంధి నేర్చుకోలేదు, పదాల ముందు సగాన్ని బట్టీ పట్టింది. ఒక మొదటి పదం ఒకవైపే ఉండేలా ఆమె రెండు గుట్టలనూ విడదీసి మళ్లీ నడిపింది. ఈసారి నెట్‌వర్క్ పాత ప్రోగ్రామ్ కంటే వెనకపడింది.

సమర్పించే తేదీ దగ్గర పడుతోంది. ఒక కాన్ఫరెన్స్‌కు పేపర్ పంపే గడువు అంతకన్నా దగ్గర. ఆమె నా ముందు కూర్చుని, "మేడమ్, మొదటి పట్టికే పెట్టేద్దామా? అది అబద్ధం కాదు కదా. నేనేం కల్పించలేదు, నిజంగా వచ్చిన అంకెలే" అంది. ఏడవడం లేదు. బేరమాడటం లేదు. నిజంగానే అడుగుతోంది.

నిజాయతీగా ఉండాలమ్మా అని చెప్పి పంపేయవచ్చు. అలా చెబితే ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పనట్టే. అంకెలు నిజమే. వాటిని ఎవరూ దిద్దలేదు. తప్పు అంకెల్లో లేదు, వాటి పక్కన రాయబోయే వాక్యంలో ఉంది. చూసిన మాటను నెట్‌వర్క్ గుర్తుపెట్టుకుంటుందా అన్న ప్రశ్నకు ఆ పట్టిక సరైన జవాబే. థీసిస్ అట్ట మీద ఉన్న ప్రశ్న అది కాదు. కొత్త మాట ఎదురైతే విడదీయగలదా అన్నది ప్రశ్న. దానికి జవాబు రెండో పట్టిక. శంకరుల మాట ఆమెకు అక్కడే చెప్పాను. తెలుగు తీసుకోవడం నీ ఇష్టం. సంధి తీసుకోవడం, నన్ను గైడ్‌గా తీసుకోవడం, ఏ నెట్‌వర్క్ వాడాలన్నది, ఎన్ని పదాలు పోగుచేయాలన్నది, ఈ థీసిస్ మానేసి ఇంకోటి మొదలుపెట్టడం కూడా నీ ఇష్టమే. ఇవన్నీ చేసే పనులు. చేశాక ఏమి తేలింది అన్నది ఎలక్టివ్ కాదు.

ఆమె తెలివైన పిల్ల. వెంటనే అడ్డుతగిలింది. "రెండు గుట్టలుగా ఎలా విడదీయాలన్నది కూడా నేను ఎంచుకున్నదే కదా మేడమ్? కొలిచే బద్ద నేనే తయారుచేసినప్పుడు, కొలత నాది కాదని ఎలా అంటారు?" ఈ అభ్యంతరం బలమైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. స్తంభం విషయంలో ఈ చిక్కు లేదు, స్తంభాన్ని మనం కట్టలేదు. కంప్యూటర్ సైన్స్‌లో పరీక్షించే వస్తువు, పరీక్ష, కొలమానం మూడూ మన చేతుల్లోవే. 2018లో పీటర్ హెండర్సన్, మరికొందరు రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ మీద చేసిన పరిశీలన ఒకటి మా క్లాసులో చెబుతుంటాను. ఒకే పద్ధతి, ఒకే అమరికలు, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే సీడ్ మాత్రమే వేరు. అయిదు పరుగుల సగటు ఒకలా, మరో అయిదు పరుగుల సగటు ఇంకోలా వచ్చి, రెండు వేరు వేరు పద్ధతులేమో అన్నట్టు కనబడ్డాయి. నచ్చిన సీడ్‌లు ఏరుకుని పేపర్ రాస్తే, ఒక్క అంకె మార్చకుండానే ఫలితాన్ని ఎంచుకోవచ్చు. అంటే ఎంపిక ఎక్కడ ఆగాలో అక్కడ దానంతట అది ఆగదు, ఫలితం దాకా పాకిపోతుంది.

దీనికి నాకు తోచిన జవాబు మీమాంసకుల దగ్గరే దొరికింది. వడ్లా యవలా అన్నది యాగం మొదలయ్యేదాకానే ప్రశ్న. వడ్లు అని సంకల్పించి మొదలుపెట్టాక, మధ్యలో ధాన్యం పాడైతే వాటికి దగ్గరగా ఉండే నీవారాలు తెచ్చి పూర్తిచేస్తారు. మొదట చేసిన ఎంపికకు కట్టుబడే మార్గం వెతుకుతారు. కొలబద్ద ఏదో ఎంచుకోవడం మన ఇష్టమే, నిజమే. కాని ఫలితం చూడకముందే ఎంచుకోవాలి, ఎంచుకున్నది బయటకు చెప్పాలి, చెప్పాక ఫలితం ఎటుపోతే అటు పోవాలి. కొలబద్దలోనే లోపం బయటపడితే, ఆ లోపం ఏమిటో, ఎప్పుడు తెలిసిందో రాసి మార్చాలి. ఎనిమిది దోషాలు లెక్కపెట్టిన మనుషుల జాగ్రత్త మాకు చాలా అవసరం.

మా సహోద్యోగి ఒకరు ఆ అమ్మాయికి భగవద్గీత చెప్పారట, ఫలం మీద ఆశ పెట్టుకోకూడదని. మంచి మాటే. కాని ఆ సమయానికి అది సరిపడే మాట కాదు. నెట్‌వర్క్ గెలవాలన్న ఆశ లేకపోతే ఆమె అన్ని పదాలు పోగుచేసేదే కాదు. రాత్రుళ్లు మేలుకుని పదాలను చేత్తో విడదీసి రాసింది ఆ ఆశతోనే. ఆశను చంపుకోమని నేను ఏ విద్యార్థికీ చెప్పను. ఆశ ఎంత పెద్దదైనా ఉండనీ, దానికి ఓటు హక్కు లేని చోటు ఒకటుందని తెలిస్తే చాలు.

నేను గుడికి వెళ్తాను, పూజ చేసుకుంటాను. నమ్మకం ఉన్న మనిషినే. కోరుకున్న ఫలితం రాని రోజున, అది రాలేదని ఒప్పుకుని కాగితం మీద పెట్టడం నాకు నమస్కారానికి దగ్గరగా అనిపిస్తుంది. నా ఇష్టాన్ని లెక్కచేయనిది ఒకటి ఎదురుగా ఉంది, నేను దానికి తలవంచుతున్నాను. రెండుచోట్లా జరిగేది ఇదే.

మా మేనమామ ఈ మాట ఒప్పుకోరు. పెద్దవారైపోయారు, కళ్లు సరిగా కనబడవు. ఫోన్‌లో ఇదంతా చెబితే చివరిదాకా విని, "అమ్మాయ్, ఆ భాష్యం బ్రహ్మజ్ఞానం కోసం రాసింది. దాన్ని నీ పట్టికల మీదికి దించకు" అన్నారు. శంకరులు ఉదాహరణకు తెచ్చుకున్నది చీకట్లో స్తంభాన్నే కదా, నిప్పును నిప్పని తెలియడాన్నే కదా అన్నాను. ఉదాహరణ వేరు, దాంతో చెప్పదలచింది వేరు అన్నారాయన. స్తంభాన్ని స్తంభమని తెలుసుకున్నాక నువ్వు పాత నువ్వే, బ్రహ్మాన్ని తెలుసుకున్నాక పాత నువ్వు ఉండవు, ఆ తేడా మరిచిపోతే వేదాంతం మిగలదు అన్నారు. ఆయన అన్నదాంట్లో బరువు ఉంది. పట్టికలతో మోక్షం వస్తుందని నేనూ అనను. కాని రెండో పట్టిక థీసిస్‌లో పెట్టిన అమ్మాయి, పెట్టకముందు ఉన్న అమ్మాయి ఒకరే అంటే నేను ఒప్పుకోలేను. ఈ వాదం మా ఇద్దరి మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

ఆమె రెండు పట్టికలూ పెట్టింది. మొదటి పట్టిక కింద అది ఎందుకు మోసపుచ్చుతుందో ఒక పేజీ రాసింది. కాన్ఫరెన్స్ గడువు దాటిపోయింది. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్, తప్పని తేలిన పట్టికను ఎందుకు ఉంచావని అడిగారు. నా తరవాత ఈ డేటా తీసుకునేవాళ్లు దాన్నే మొదట చూస్తారు సార్, చూసి సంతోషిస్తారు, అందుకని అంది. ఆమెకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అక్కడి పనికి తెలుగు సంధులతో ఏ సంబంధమూ లేదు.

థీసిస్ చివరి అనుబంధంలో, సూత్రాల ప్రోగ్రామ్, నెట్‌వర్క్ రెండూ తప్పిన పదాల జాబితా ఉంది. 'మేనల్లుడు' అందులో ఉంది. ఈ ఏడాది ఇంకో అబ్బాయి ఆ జాబితానే ప్రాజెక్టుగా తీసుకుంటానని వచ్చాడు. మొదటి నెలంతా పదాలను రెండు గుట్టలుగా విడదీయడానికే పోతుందని, ఎలా విడదీస్తావో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి నాకిచ్చేదాకా ఏ నెట్‌వర్క్‌నూ ముట్టుకోవద్దని చెప్పాను. మొన్న సోమవారం కాగితం తెచ్చి ఇచ్చాడు. రెండుచోట్ల నాకు అభ్యంతరాలున్నాయి. ఇంకా మాట్లాడుకుంటున్నాం.